అతుక్కుపోయినప్పుడు శక్తి తగ్గుతుంది, మరి ద్రవ్యవేగం ఎందుకు తగ్గదు?

మిర్యాలగూడ_ఎంపీసీ:
ఇంటర్ ఫస్టియర్ నేను. అభిఘాతాల (వస్తువులు గుద్దుకోవడం) దగ్గర ఆగిపోయాను, రేపే స్లిప్ టెస్ట్, టెన్షన్‌గా ఉంది. 2 కిలోల బండి సెకనుకు 3 మీటర్ల వేగంతో వచ్చి, ఆగి ఉన్న 1 కిలో బండిని గుద్ది రెండూ అతుక్కుపోయాయి. ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, ముందు 6, తర్వాతా 6, అంటే కలిసిన బండి వేగం 2. కానీ గతిజ శక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి, 9 జౌళ్ల నుంచి 6కి పడిపోయింది. మిగతా 3 వేడిగా పోయిందని గైడ్‌లో రాశారు. అలాంటప్పుడు ద్రవ్యవేగం కూడా కొంత పోవాలి కదా? సూత్రంలో పెడితే జవాబు వస్తుంది, నాకు ఎందుకో తెలియాలి.

పాలమూరు_ఫిజిక్స్:
తమ్మీ, సూత్రం పక్కన పెట్టి ఆ గుద్దుకున్న కాస్త సేపే చూడు. మొదటిది రెండోదాన్ని ఎంత బలంతో నెడుతుందో రెండోదీ దాన్ని అంతే బలంతో వెనక్కి నెడుతుంది, అది న్యూటన్ మూడో నియమం. తాకి ఉన్న సమయం కూడా రెండింటికీ ఒకటే, ఒకటి తాకుతుంటే రెండోది తాకకుండా ఎలా ఉంటుంది? బలాన్ని సమయంతో గుణిస్తే ద్రవ్యవేగంలో మార్పు వస్తుంది, అంటే ఒకటి పోగొట్టుకున్నదంతా రెండోదానికే చేరుతుంది. నీ లెక్కలో అది 2.
శక్తికి మాత్రం బలాన్ని దూరంతో గుణించాలి. అసలు తేడా ఇక్కడే ఉంది. బలం మారకుండా ఉందనుకో, ఆ సమయంలో పెద్ద బండి వేగం 3 నుంచి 2కి తగ్గింది, సగటు 2.5. చిన్నది 0 నుంచి 2కి పెరిగింది, సగటు 1. అంటే పెద్దది ఎక్కువ దూరం కదిలింది, ఆ ఎక్కువ దూరమే బండ్లు నలిగిపోయిన మేర. పెద్దది పోగొట్టుకున్నది 5 జౌళ్లు, చిన్నదానికి అందింది 2, నలగడానికి పోయింది 3. వేసి చూసుకో.

దేవరకొండ_క్యారమ్స్:
పైన సార్ బాగా చెప్పారు. వేడి గురించి ఒక్క మాట: వేడి అంటే అణువులు అన్ని వైపులా అడ్డదిడ్డంగా ఊగడం. శక్తికి దిశ లేదు కాబట్టి అవన్నీ కూడుకుంటాయి, ద్రవ్యవేగానికి దిశ ఉంది కాబట్టి ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. అందుకే శక్తి వేడిలో దాక్కోగలదు, ద్రవ్యవేగం దాక్కోలేదు.
నలగకపోతే ఏమవుతుందో క్యారమ్ బోర్డు మీద చూడు. 15 గ్రాముల స్ట్రైకర్ 5 గ్రాముల కాయిన్‌ను నేరుగా కొడితే, శక్తి అసలు పోలేదనుకుంటే, స్ట్రైకర్ సగం వేగంతో ముందుకే పోతుంది, కాయిన్ ఒకటిన్నర రెట్ల వేగంతో పరుగెడుతుంది. కాయిన్ వెనకే స్ట్రైకర్ కూడా గుంతలో పడి ఫౌల్ అయ్యేది అందుకే.

మిర్యాలగూడ_ఎంపీసీ:
5, 2, 3 వేసి చూశాను, సరిగ్గా వచ్చాయి! ఇంకొక్కటి అన్నా, బంతి గోడకు తగిలి వెనక్కి వస్తే దాని ద్రవ్యవేగం తిరగబడింది కదా, అది ఎక్కడికి పోయింది?

పాలమూరు_ఫిజిక్స్:
గోడకు, గోడ నుంచి భూమికి. భూమి అంత బరువైనది కాబట్టి కదిలినట్టు మనకు తెలియదు, అంతే.