పుయిగ్ ఓబేర్: ట్యాకిల్ చేయని ఫుల్‌బ్యాక్‌ని ఆల్‌టైమ్ గ్రేట్ అనొచ్చా?

రవి_ఫార్వర్డ్: రగ్బీ లీగ్‌లో (జట్టుకి 13 మంది ఆడే రగ్బీ) ఫ్రాన్స్ ఫుల్‌బ్యాక్ అనగానే అందరి నోటా పుయిగ్ ఓబేర్ పేరే. దేశానికి 46 మ్యాచ్‌లు ఆడాడు, సరే. కానీ ఫుల్‌బ్యాక్ అంటే వెనకాల చివరి మనిషి, అతన్ని దాటితే ట్రైయే, అంటే గీత దాటి బంతిని నేలకు ఆనించడమే. ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని ఆపడం) అంటే పడదని పేరుపడ్డవాణ్ణి ఆ స్థానంలో ఎలా నిలబెడతాం?

శ్రీను_13: 1951 ఆస్ట్రేలియా టూర్ స్కోర్లు చూడు అన్నా. మూడు టెస్టులు: 26-15, 11-23, 35-14. సిరీస్ ఫ్రాన్స్‌ది. అతని గోల్స్ (బంతిని తన్ని పోస్టుల మధ్య నుంచి పంపడం) వరసగా 7, 4, 7. అంటే 36 పాయింట్లు, జట్టు చేసిన 72లో సరిగ్గా సగం. అప్పట్లో ట్రైకి 3, గోల్‌కి 2. ఇప్పుడు ట్రైకి 4, గోల్ మాత్రం అంతే. పైగా ఆ రోజుల్లో ట్యాకిల్స్‌కి లెక్కే లేదు, బంతి దొరికినవాళ్లు ఎంతసేపైనా ఉంచుకోవచ్చు. అలాంటి ఆటలో పెనాల్టీ దొరికినప్పుడల్లా 2 పాయింట్లు తెచ్చేవాడి విలువ వేరు.

మహేశ్: టూర్ కెప్టెన్ కూడా అతనే.

లక్ష్మి_కె: ఆ కిక్కులన్నీ బూటు మొనతో కొట్టే రోజులు. మడమతో నేలలో గుంట చేసి, తోలు బంతిని నిలబెట్టి, తిన్నగా వచ్చి తన్నాలి. ఇప్పుడు పక్కనుంచి వచ్చి పాదం పైభాగంతో కొడతారు కాబట్టి బంతికి ఎక్కువ మేర తగులుతుంది. మొనతో అయితే వెంట్రుకవాసి తేడా వచ్చినా బంతి పోస్టు బయటికే. తోలు నీళ్లు పీల్చి బరువెక్కితే దూరం కూడా తగ్గిపోతుంది.

రవి_ఫార్వర్డ్: కిక్కు సంగతి ఎవరు కాదన్నారండీ? 1954 ప్రపంచకప్ ఫైనల్ చూడండి, పారిస్‌లో. గ్రేట్ బ్రిటన్ 16, ఫ్రాన్స్ 12. గోల్స్‌లో ఫ్రాన్సే ముందు, 3-2. ట్రైలు 2-4. మ్యాచ్ ఎక్కడ పోయింది?

శ్రీను_13: ఆ నాలుగు ట్రైల్లో ఫుల్‌బ్యాక్ వదిలేసిన ట్యాకిల్ వల్ల వచ్చింది ఏదో చెప్పు. చెప్పలేకపోతే ఆ మాట వెనక్కి తీసుకో. 13 మంది ఓడిన మ్యాచ్‌ని ఒక్కడి నెత్తిన రుద్దడం ఏం న్యాయం?

రవి_ఫార్వర్డ్: నేనూ అదే అడుగుతున్నా! ఓటమి ఒక్కడిది కాకపోతే గెలుపు ఒక్కడిదెలా అయింది? 1951లో సెకండ్ రోలో (ఫార్వర్డ్‌లు, అంటే ముందు నిలిచి ఢీకొట్టేవాళ్లలో ఒక స్థానం) ఎలీ బ్రూస్, ఎడ్వార్డ్ పోన్సినే ఆస్ట్రేలియా ఫార్వర్డ్‌లను ముందే ఆపబట్టి వెనకాల అతనికి పని తగ్గింది. మూడో టెస్టులో 35 పాయింట్లలో 21 ట్రైల వల్ల వచ్చినవే. ఆ ఇద్దరి పేరూ ఇక్కడ ఎవరూ ఎత్తరు. నా కడుపుమంట అదీ!

మహేశ్: ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది.

శ్రీను_13: వాళ్లు గొప్పవాళ్లే, అందులో నాకు పేచీ లేదు. కానీ మొదటి టెస్టులో ట్రైలు నాలుగే, అంటే 12 పాయింట్లు. ఆస్ట్రేలియావి 15. అతని 7 గోల్స్ తీసేస్తే ఆ టెస్టు పోయినట్టే, సిరీసూ పోయినట్టే.

రవి_ఫార్వర్డ్: అతని బదులు ఇంకో కిక్కర్ ఉంటే ఏడూ వదిలేస్తాడా? 12కి రెండు గోల్స్ కలిస్తే 16. 15 దాటడానికి రెండు చాలు.