హీరోయిన్‌కి ఫైట్లు పెడితే సరిపోతుందా?

లంకగాలి:
ఒక చిన్న ఫాంటసీ నవలని 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌గా రాస్తున్నాను. నవల్లో రాకుమారి కోటలో ఎదురుచూడటం తప్ప ఏమీ చెయ్యదు, అందుకని రెండు ఫైట్లు కలిపాను. అందరూ బాగుందన్నారు కానీ ఆ పాత్ర వేస్తున్న అమ్మాయి మాత్రం "ఇవి తీసేసినా కథ ఇలాగే నడుస్తుంది కదన్నా" అంది. రెండు రోజులుగా అదే టెన్షన్. మీరు చదివి, చూసిన వాటిలో ఇది ఎక్కడ కుదిరింది?

పాతపేజీలు:
'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి సినిమా (2001) చూడండి. నవల్లో, దుష్ట ఉంగరాన్ని మోసుకెళ్తూ గాయపడ్డ హీరో ఫ్రోడోకి సాయం వచ్చేది గ్లోర్‌ఫిండెల్ అనే ఎల్ఫ్ వీరుడు, సినిమాలో ఆ పని ఎల్ఫ్ రాకుమారి ఆర్వెన్‌కి ఇచ్చారు. నేను సినిమానే ముందు చూశాను, ఆమె ఏరు దాటి వెనక్కి తిరిగి కత్తి దూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. తర్వాత నవల చదివితే, అక్కడ ఫ్రోడో ఒక్కడే గుర్రం మీద ఏరు దాటి, స్పృహ తప్పే స్థితిలో కూడా కత్తి ఎత్తి, తనని తరుముతున్న నల్ల రౌతుల్ని ధిక్కరిస్తాడు. సినిమాలో పాపం అతనికి ఆ క్షణమే లేదు. ఆమెకి ఇచ్చింది అతని దగ్గర తీసుకుని ఇచ్చారు.

కోటగుమ్మం:
ఒప్పుకోను. నవల్లో ఆర్వెన్ ప్రేమకథ దాదాపు అంతా పుస్తకం చివరి అనుబంధం(అపెండిక్స్)లోనే ఉంది. సినిమాలోనూ అలాగే వదిలేస్తే చివర్లో పెళ్ళికూతుర్ని చూసి ఈవిడెవరు అంటారు జనం.

పాతపేజీలు:
నిజమే, పరిచయం కావాలి. నాకైతే మూడో సినిమాలో (2003) చేసిందే నచ్చింది. ఆ లోకం వదిలిపోవటానికి ఓడరేవుకి వెళ్తూ, పుట్టబోయే కొడుకు కళ్ళముందు కనిపించగానే గుర్రం వెనక్కి తిప్పి తండ్రిని నిలదీస్తుంది, తను ప్రేమించిన అరగార్న్ పూర్వీకుల విరిగిన కత్తిని మళ్ళీ చేయించమంటుంది. నవల్లో ఆ కత్తి ప్రయాణం మొదలవక ముందే సిద్ధమవుతుంది. సినిమాలో అది అరగార్న్‌కి చేరిందంటే ఆమె పట్టుబట్టినందుకే, అక్కడ ఒక్క ఫైటూ లేదు. రెండో సినిమా కోసం ఆమె యుద్ధం చేసే సీన్లు కొన్ని షూట్ చేసి, పక్కన పెట్టేశారు కూడా.

మల్లెచెట్టు:
ఆ వెంటనే ఆమె ప్రాణాన్ని ఉంగరానికి ముడిపెట్టి నీరసంగా పడుకోబెట్టేశారు, అది ఇప్పటికీ నాకు కోపం! అదే కథలో రాజు మేనకోడలు ఎయోవిన్‌ని చూడండి. నవల్లో రాజు యుద్ధానికి వెళ్తూ ప్రజల బాధ్యత ఆమెకే అప్పగిస్తాడు, అది కూడా కాదని మగవేషంలో యుద్ధానికి వెళ్తుంది. తప్పో ఒప్పో, ఆ నిర్ణయం ఆమెదే. మా పాపకి కథ చెప్తుంటే ఆమె చేతిలో రాక్షసుడు చచ్చే చోట కాదు, వేషం వేసుకునే చోట ఆపి "వాళ్ళకి తెలిస్తే ఏం చేస్తారమ్మా" అని అడిగింది.

లంకగాలి:
థ్యాంక్సండీ అందరికీ. ఒక ఫైట్ తీసేశాను. ఇప్పుడు కోట తాళం రాకుమారి దగ్గరే ఉంటుంది, ఎవరి కోసం తియ్యాలో ఆమే తేల్చుకుంటుంది. కానీ ఆమే తలుపు తీస్తే హీరో గోడెక్కే సీన్ పోతుంది, నవల్లో అతనికున్న మంచి సీన్ అదొక్కటే. దాన్ని ఎక్కడికి మార్చను?