అప్‌డేట్: ‘కన్నతల్లి’లో ‘కన్న’ ఎక్కడిది? జవాబు దొరికింది

‘కన్నతల్లి’లోని ‘కన్న’ కన్నులోంచే వచ్చిందా అని పోయిన నెల అడిగినాను కదా. బ్రౌన్ నిఘంటువు చూడమన్న అన్నకు, తమిళ కన్నడాలతో పోల్చమన్న అక్కకు చాలా థ్యాంక్స్. అక్క చెప్పిందే దారి చూపింది. బ్రౌన్‌లో ‘కను’కు చూడడం, బిడ్డను కనడం అని రెండర్థాలూ ఉన్నాయి గానీ చిక్కు వీడలేదు. కడపలో మా తెలుగు సారు బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (ద్రావిడ భాషల్లో చుట్టరికం ఉన్న మాటలను ఒకచోట చేర్చి చూపే పుస్తకం), 1984 ముద్రణ, తెరిచి వేలు పెట్టి చూపించినారు. చూసే ‘కను’ ఒక పద్దు, బిడ్డను కనే ‘కను’ ఇంకో పద్దు! ‘కన్నతల్లి’లోది ఈ రెండోదే. దీనికి చుట్టాలు తమిళంలో దూడను చెప్పే ‘కన్ఱు’, కన్నడంలో బిడ్డను పిలిచే ‘కంద’, పసిబిడ్డ అనే అర్థంలో మన పాత ‘కందు’. పుట్టడం అనే అర్థమున్న సంస్కృత ‘జన్’ ధాతువు నుంచి వచ్చిందేమో అని వెతికే పని పడలేదు.

ఇంట్లో చెప్తే అవ్వ ఇంకో మాట అందించింది: “మనుషులు కంటారు నాయనా, ఎనుము ఈనుతుంది. వరి కూడా ఈనుతుంది.”