కొత్త ఎలక్ట్రిక్ కారులో భాగాలు తగ్గిస్తున్నారు: ఇది ఇంజనీరింగా, కక్కుర్తా?

కొత్తబండి:
పేరు అదే, ధర అదే. కానీ కొత్త సంవత్సరం మోడల్ వచ్చేసరికి ఒక్కొక్కటే మాయమవుతోంది. స్టెప్నీ పోయి పంక్చర్ కిట్ వచ్చింది. వెనక చక్రాలకు డిస్కుల బదులు డ్రమ్ములు. బానెట్ కింద ప్లాస్టిక్ కవర్ లేదు, బానెట్‌ను ఎత్తిపట్టే గ్యాస్ స్ట్రట్ స్థానంలో ఇనుప కడ్డీ పెట్టారు. బంపర్ సెన్సర్లు లేవు. పోర్టబుల్ చార్జర్ విడిగా కొనుక్కోవాలట. బరువు తగ్గితే మంచిదేగా అని కొందరు, ఇది పచ్చి మోసమని కొందరు అంటున్నారు. వీటిలో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి?

కాయిల్‌స్ప్రింగ్:
అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. డ్రమ్ముల సంగతే చూడండి. ఎలక్ట్రిక్ కారు వేగం తగ్గేటప్పుడు చాలావరకు పని మోటారే చేస్తుంది. మామూలు ట్రాఫిక్‌లో వెనక ప్యాడ్లు డిస్కును తాకడమే తక్కువ. తాకని డిస్కుకు తుప్పు పడుతుంది, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి, ప్యాడ్ ఒక పక్కే అరుగుతుంది. ప్యాడ్‌లో సగం మిగిలి ఉండగానే డిస్కు మార్చాల్సి వస్తుంది. డ్రమ్ములో బ్రేకు షూలు మూత లోపల ఉంటాయి కాబట్టి నీళ్లు, బురద అంతగా చేరవు. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3, ఐడీ.4లకు వెనక డ్రమ్ములే పెట్టింది. గట్టిగా బ్రేకు వేస్తే బరువు ముందుకు తూగుతుంది, బండిని ఆపే భారం ఎక్కువగా ముందు డిస్కుల మీదే పడుతుంది. డ్రమ్ము చవక, నిజమే. ఈ బండికి సరిపోతుందన్నదీ నిజమే.

ఒక్క చోట మాత్రం డిస్కుకే మొగ్గు చూపుతాను. బ్యాటరీ 100 శాతం నిండి ఉండగా పొడవాటి ఘాట్ దిగితే రీజెన్ (మోటారే బండిని నెమ్మదింపజేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపడం) దాదాపు ఉండదు, భారమంతా బ్రేకులదే. అందుకే కొండ మీద చార్జింగ్ పెడితే 80, 85 దగ్గర ఆపేయాలి.

బానెట్ కవరు, గ్యాస్ స్ట్రట్ గురించి నాకు బెంగ లేదు.

అద్దంముందు:
కాయిల్‌స్ప్రింగ్ గారూ, డ్రమ్ము విషయంలో మీతో ఏకీభవిస్తాను. అక్కడ భాగం మారినా పని ఆగలేదు. సెన్సర్ల సంగతి వేరు. 2022 అక్టోబరు నుంచి టెస్లా మోడల్ 3, మోడల్ వైలలో అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో దూరం కొలిచే) సెన్సర్లు తీసేయడం మొదలుపెట్టింది. ఆ కొత్త బండ్లకు పార్క్ అసిస్ట్, ఆటోపార్క్, సమన్ (పిలిస్తే బండి తనే కదిలి రావడం) మొదట పనిచేయలేదు. కెమెరాలతో నడిచే పార్క్ అసిస్ట్ 2023లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌గా వచ్చింది. భాగాన్ని ఈరోజు తీసేశారు, దాని పని ఎప్పుడో వస్తుందన్నారు. మధ్యలో నెలల పాటు నష్టపోయింది కొన్నవాళ్లే.

పైగా ముందు బంపర్‌కు ఆనుకుని ఉన్న పొట్టి దిమ్మె ముందు అద్దం వెనక ఉన్న కెమెరాకు కనపడదు. బండి దగ్గరికి వెళ్తున్నప్పుడు చూసి గుర్తుపెట్టుకున్నదాన్ని బట్టే దూరం లెక్కగడుతుంది. ఆపి ఉన్న బండి ముందుకు తర్వాత ఎవరైనా ఇటుక జరిపితే దానికి తెలిసే దారి లేదు. వెనక కెమెరా మీద బురద పడితే అదీ అంతే. సెన్సర్‌కు వెలుతురుతో పనే లేదు.

ఇండికేటర్ లివర్ తీసేసి స్టీరింగ్ మీద బటన్లు పెట్టడం కూడా ఇలాంటిదే. 2023లో మార్చిన మోడల్ 3లో అదే చేశారు. రౌండబౌట్‌లో స్టీరింగ్ సగం తిరిగి ఉన్నప్పుడు ఎడమ బటన్ ఎక్కడుందో వేలితో వెతుక్కోవాలి. 2025లో వచ్చిన కొత్త మోడల్ వైలో మాత్రం లివర్ ఉంచారు.

పంక్చర్‌కిట్:
స్టెప్నీ గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. సీలెంట్ డబ్బా పనిచేసేది టైరు నేల తాకే భాగంలో 4 నుంచి 6 మిల్లీమీటర్ల దాకా ఉన్న రంధ్రానికే. పక్క గోడ కోసుకుపోయినా, గుంతలో రిమ్ము వంగినా అది దండగ. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, డెలివరీ రోజే చదవండి. సీలెంట్ పోశాక కొన్ని కిలోమీటర్లు మెల్లగా నడిపి, ఆపి, గాలి మళ్లీ కొలవాలి. ఆ తర్వాత కూడా 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు.

ఎలక్ట్రిక్ కార్లలో ఇంకో తంటా ఉంది. చాలా టైర్ల లోపల శబ్దం తగ్గించే నురుగు అతికించి ఉంటుంది. సీలెంట్ దాంట్లోకి ఇంకిపోతుంది. తర్వాత లోపలి నుంచి ప్యాచ్ వేయాలంటే ఆ చోట నురుగు కోసి, జిగురు గీకి, రబ్బరు గరుకు చేయాలి. చాలామంది మెకానిక్‌లు ఆ పని చేయరు, కొత్త టైరు కొనమంటారు. కాబట్టి స్టెప్నీ తీసేసి మిగిల్చుకున్నది కంపెనీ, టైరు ఖర్చు మోసేది కొన్నవాళ్లు.

స్టెప్నీ తర్వాత కొనుక్కునేవాళ్లు బోల్టుల సంఖ్య, పీసీడీ (బోల్టులు ఉండే వలయం వ్యాసం), మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమి గీత నుంచి బిగించే ముఖం ఎంత పక్కకు ఉందన్నది) చూసుకోవాలి. ఆ రిమ్ము ముందు కాలిపర్ మీద పడుతుందో లేదో ఒకసారి బిగించి చూడండి. నాలుగు చక్రాలకూ మోటారు శక్తి అందే బండికి టైరు మొత్తం వ్యాసం మిగతావాటితో కలవాలి. జాకీ గుర్తున్న పాయింట్ల దగ్గర తప్ప ఎక్కడా పెట్టొద్దు. నాలుగు వేళ్లు పక్కకు పెట్టినా ఎత్తేది బ్యాటరీ పెట్టెనే.

కాయిల్‌స్ప్రింగ్:
సెన్సర్లు, స్టెప్నీ రెండింటిలో మీ మాటలే ఒప్పుకుంటున్నాను. నురుగు సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

ప్రీడెలివరీ:
అసలు తేడా ఇక్కడుందండీ. చెప్పి తీసేయడం ఒకటి, చెప్పకుండా తీసేయడం ఇంకొకటి. 2021లో చిప్పుల కొరత వచ్చినప్పుడు బీఎండబ్ల్యూ కొన్ని మోడళ్లలో స్క్రీనుకు టచ్ సదుపాయం తీసేసింది, అమెరికాలో కొన్నవాళ్లకు 500 డాలర్లు తగ్గించింది. 2020లో చైనాలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి జరిగింది. టెస్లా మోడల్ 3 కాగితాల్లో డ్రైవింగ్‌కు సాయపడే హార్డ్‌వేర్ 3.0 కంప్యూటర్ అని రాసి ఉంది, కొన్ని బండ్లలో ఉన్నది 2.5. ఆ మార్చిలో అక్కడి పరిశ్రమల మంత్రిత్వశాఖ కంపెనీని పిలిపించి సరిదిద్దమంది.

బిగించడం మరిచిపోయిన భాగాలు ఇంకో రకం. వాటిని పట్టుకునే పద్ధతి సులువు: ఎడమ పక్క ఉన్నది కుడి పక్క ఉందా? బానెట్ తెరిచి రెండు పక్కలా రబ్బరు బీడింగ్, క్లిప్పులు పోల్చండి. ఖాళీ రంధ్రం కనపడితే దాని జత వైపు చూడండి. అక్కడ క్లిప్పు ఉంటే ఇక్కడిది మరిచారు, రెండు పక్కలా లేకపోతే డిజైనే అంత. వీల్ ఆర్చ్ లైనర్ (చక్రం పైనున్న తొడుగు) అంచు వేలితో లాగండి, ఊగకూడదు. బండి అడుగున ఉండే అండర్‌బాడీ షీల్డు బోల్టులను ఫోన్ టార్చితో లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా హైవే మీద గాలికి కొట్టుకుని షీల్డు చిరుగుతుంది, నీళ్లు లోపలికి చేరతాయి. పాట పెట్టి ధ్వనిని ఒక్కో మూలకు తిప్పి వినండి, జాలీ ఉన్న ప్రతిచోటా స్పీకర్ ఉండదు. వెనక యూఎస్‌బీకి ఫోన్ పెట్టి చూడండి. టోయింగ్ హుక్ డిక్కీ అడుగున ఉందో లేదో చూడండి.

11 కిలోవాట్ల ఆన్‌బోర్డ్ చార్జర్ (బండి లోపలే ఉండే చార్జర్) అని బ్రోచర్‌లో ఉంటే మూడు ఫేజుల పాయింట్‌కు తగిలించి స్క్రీన్ చూడండి. ఫేజుకు 16 ఆంపియర్లు తీసుకుంటే సుమారు 11 రావాలి. పాయింట్, కేబుల్ రెండూ సరైనవై ఉండి కూడా 7 దగ్గరే ఆగితే లోపల ఉన్నది వేరే చార్జర్ అయ్యుండొచ్చు.

కొత్తబండి:
హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే యంత్రం) కింది వేరియంట్‌లో లేదన్నారు. ఇది పెద్ద లోటేనా?

బ్యాటరీచల్లన:
వేడి ప్రాంతంలో అయితే కాదు. చలి ప్రాంతంలో అవును. పీటీసీ హీటర్ (కరెంటుతో నేరుగా వేడెక్కే మామూలు హీటర్) 1 కిలోవాట్ కరెంటు తింటే 1 కిలోవాట్ వేడే ఇస్తుంది. హీట్ పంప్ ఓ మోస్తరు చలిలో అదే కరెంటుతో 2, 3 ఇస్తుంది. గడ్డకట్టే చలి ముదిరేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద కోత బ్యాటరీకి ద్రవంతో చల్లార్చే ఏర్పాటు లేకపోవడం. నిస్సాన్ లీఫ్ మొదటి రెండు తరాల్లో ప్యాక్‌కు అది లేదు. ఒకే ప్రయాణంలో రెండోసారి, మూడోసారి ఫాస్ట్ చార్జింగ్ పెడితే ప్యాక్ వేడెక్కి చార్జింగ్ వేగం పడిపోయేది. స్టెప్నీ రేపు కొనుక్కోవచ్చు, పోర్టబుల్ చార్జర్ ఎల్లుండి కొనుక్కోవచ్చు. ఇది మాత్రం ఎంత డబ్బు పెట్టినా తర్వాత బిగించుకోలేరు.

కాయిల్‌స్ప్రింగ్:
రోజుకు 40 కిలోమీటర్లు తిరిగి, రాత్రి ఇంట్లో నెమ్మదిగా చార్జ్ చేసుకునేవాళ్లకు అది లోటు కాదంటాను.

బ్యాటరీచల్లన:
బండి రెండో చేతికి మారాక ఎలా తిరుగుతుందో మీరు చెప్పలేరుగా. వేడికి తరిగిన సెల్ మళ్లీ పుంజుకోదు. ఇక్కడ మీతో ఒప్పుకోను.

ప్రీడెలివరీ:
కొత్తబండి గారూ, మీ వేరియంట్ పేరు కాకుండా ఛాసిస్ నంబరుతో ఉన్న బిల్డ్ షీట్ (ఆ బండిలో బిగించిన భాగాల జాబితా) అడగండి. లేనిదాన్ని పేరుతో సహా డెలివరీ నోట్‌లో రాయించి, వాళ్ల సంతకం పడ్డాకే మీరు సంతకం పెట్టండి. "తర్వాత పంపిస్తాం" అంటే తేదీ కూడా అక్కడే రాయించండి.