ఇంట్లో హమ్మస్ (ఉడికిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద కలిపి రుబ్బే అరబ్ వంటకం): రవ్వరవ్వగా వస్తోంది, చేదు తగులుతోంది. లోపం ఎక్కడ?

శనగచేను: కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో ఆరు విజిల్స్ రానిచ్చి మిక్సీ పడితే ఎంతసేపు తిప్పినా రవ్వ పోవడం లేదు. పైగా చివర్లో చేదు. మన దగ్గర దొరికే సరుకులతోనే వెన్నలా రావాలంటే ఏం చేయాలో కొలతలతో చెప్పండి.

కుక్కర్‌మూత: రవ్వకి కారణం మిక్సీ కాదండి, ఉడుకు చాలకపోవడం. కూరకి సరిపోయే ఉడుకు దీనికి చాలదు. 250 గ్రాముల శనగలు, లీటరు నీళ్లు, అర టీస్పూన్ వంట సోడా కలిపి 10–12 గంటలు నానాలి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో పెట్టండి, బయట పులుస్తాయి. ఆ నీళ్లు వంపేసి, కడిగి, కొత్త నీళ్లలో ఇంకో అర టీస్పూన్ సోడా వేసి ఉడికించండి. గింజని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ సోడాకి తొందరగా కరుగుతుంది. అందుకే ఈ దశలో నిమ్మరసం, చింతపండు లాంటి పులుపు తగలకూడదు, గింజ మెత్తబడదు. నురగ బాగా వస్తుంది కాబట్టి కుక్కర్ సగానికి మించి నింపకండి. 5 విజిల్స్ అయ్యాక సెగ తగ్గించి 15–20 నిమిషాలు. రెండు వేళ్ల మధ్య నొక్కితే పలుకు లేకుండా నలిగిపోవాలి. ఆకారం చెదిరినా పరవాలేదు.

బోరునీళ్లు: పై పద్ధతిలో చేసినా ఉడకకపోతే నీళ్లని అనుమానించండి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌నే బిగిస్తాయి. నానబెట్టడానికీ ఉడికించడానికీ ఫిల్టర్ నీళ్లే వాడండి. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న శనగలు కూడా అంతే, మొండికేస్తాయి. అలాగని సోడా ఎక్కువ వేస్తే సబ్బు వాసన కొడుతుంది.

నువ్వులజాడీ: చేదు సంగతి నేను చెప్తాను. అది చాలావరకు తహిని, అంటే నువ్వుల ముద్ద నుంచి వస్తుంది. పొట్టు తీసిన తెల్ల నువ్వులే తీసుకోవాలి, 200 గ్రాములు. సన్న సెగ మీద కలుపుతూ 4–5 నిమిషాలు, వాసన రాగానే దింపేయాలి. రంగు మారాయంటే చేదెక్కినట్టే. మూకుట్లో వదిలేస్తే ఆ వేడికే మాడతాయి, వెంటనే పళ్లెంలో పరవండి. చల్లారాక చట్నీ జార్‌లో 3 పెద్ద చెంచాల సన్‌ఫ్లవర్ నూనెతో ఆగి ఆగి తిప్పండి. ముందు పొడి, తర్వాత ముద్ద, చివరికి దోసెల పిండిలా జారాలి. గానుగ నువ్వుల నూనె వద్దు, దాని ఘాటే పైకి వస్తుంది.

బేరూత్‌వంట: ఇక కలిపే వరస. 3 వెల్లుల్లి రెబ్బలు దంచి, 4 పెద్ద చెంచాల నిమ్మరసం, టీస్పూన్ ఉప్పు వేసి 10 నిమిషాలు ఉంచండి. పులుపులో వెల్లుల్లి ఘాటు తగ్గుతుంది. వడకట్టిన ఆ రసంలో తహిని అంతా వేయండి. ఒక్కసారిగా గడ్డకడుతుంది, కంగారు వద్దు. ఐసు నీళ్లు చెంచా చెంచా పోస్తూ తిప్పితే తెల్లబడి వదులవుతుంది. అప్పుడు గోరువెచ్చని శనగలు వేసి 4–5 నిమిషాలు. చల్లారితే బిగుస్తుంది కాబట్టి కాస్త జారుగానే ఆపాలి. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె జార్‌లో పోయకండి, బ్లేడు వేగానికి అదీ చేదెక్కుతుంది. దాని చోటు పైనే.

శనగచేను: తొక్కలు ఒక్కొక్కటీ ఒలవాలా? తహిని బదులు పల్లీ ముద్ద కుదురుతుందా?

కుక్కర్‌మూత: ఒలవక్కర్లేదు. సోడాతో ఉడికాక నీళ్లు పోసి కలిపితే తొక్కలు తేలతాయి, జల్లిగరిటెతో తీసేయండి.

బేరూత్‌వంట: పల్లీ ముద్ద వేస్తే పల్లీ రుచే మిగులుతుంది. లెబనాన్, సిరియా, పాలస్తీనా వంటల్లో హమ్మస్‌కి నువ్వులే సగం ప్రాణం, అక్కడ మాత్రం రాజీ పడకండి. వడ్డించేటప్పుడు వెడల్పు పళ్లెంలో పరిచి, చెంచా వీపుతో చుట్టూ గాడి తీసి ఆలివ్ నూనె నింపండి. పైన జీలకర్ర పొడి, పక్కన తీసిపెట్టిన ఉడికిన గింజలు కొన్ని. అవే గింజల్ని సగానికి పైగా రుబ్బకుండా తహినిలో కలిపితే ముసబ్బహా అవుతుంది, అదీ చేసి చూడండి.

నువ్వులజాడీ: నిల్వ 3–4 రోజులే, మూత బిగించి ఫ్రిజ్‌లో. రెండో రోజుకి వెల్లుల్లి వాసన పెరుగుతుంది, కాబట్టి దాచేట్టయితే 3 రెబ్బలకి బదులు ఒకటి చాలు. తినడానికి అరగంట ముందు బయట పెట్టి, చెంచాడు నీళ్లు పోసి కలపండి.