2013 వైన్ సీసాలో వగరు తప్ప ఇంకేం లేదు, రేపే వర్టికల్ టేస్టింగ్. ఏం చెయ్యాలి?

శ్రీను_ఫ్రిస్కో (శుక్రవారం రాత్రి)

సాయంత్రం నుంచి ఇదే పనిలో ఉన్నాను, బుర్ర వేడెక్కిపోయింది. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

రేపు రాత్రి ఇంటికి ఫ్రెండ్స్ భోజనానికి వస్తున్నారు. ఒకే వైనరీ వాళ్ళ నాపా రెడ్ బ్లెండ్ (కాలిఫోర్నియాలోని నాపా లోయది, కొన్ని ద్రాక్ష రకాలు కలిపి చేసిన ఎర్ర వైన్) 2013, 2016, 2017, 2018 పక్కపక్కన పోసుకుని రుచి చూద్దామని, అదే వర్టికల్ టేస్టింగ్, చాలా రోజుల నుంచి అనుకుంటున్నాం. 2013వి రెండున్నాయి కదా అని ఒకటి ముందుగా తీశా. వాసన దాదాపు లేదు. పండు రుచి అసలే లేదు. వగరు మాత్రం పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్ళకి పట్టేసింది. గాలి తగలాలని డికాంటర్‌లో (వెడల్పు గాజు కూజాలో) పోసి మూడు గంటలు వదిలేశా, అయినా అంతే.

ఒక చోట చదివితే ఇంకో పదేళ్ళు ఆగాలంటారు, ఇంకో చోట దాని పని అయిపోయిందంటారు. 2013 గొప్ప సంవత్సరమని విని కొన్న సీసాలివి, ఒక్కోటి రెండు వందల డాలర్ల పైమాటే. రెండోది కూడా తీయనా, ఆపనా? అర్జెంట్.

ఒకేమాట

ఇన్నాళ్ళూ సీసాలు ఎక్కడున్నాయి?

శ్రీను_ఫ్రిస్కో

ఇంట్లోనే అండీ. పడుకోబెట్టే ఉంచాను, నిలబెట్టలేదు.

నాపా_బాబాయ్

శ్రీనూ, ముందు ఆ సంవత్సరం సంగతి తెలుసుకోవాలి. 2012, 2013, 2014 మూడూ కరువు సంవత్సరాలు. అందులో 2013 ద్రాక్ష కాయలు చిన్నవి, తొక్కలు మందం. కాయ చిన్నదైతే రసం పాలు తగ్గి తొక్క పాలు పెరుగుతుంది. రంగు ఉండేది తొక్కలోనే, వగరు తొక్కలోనూ విత్తనాల్లోనూ ఉంటుంది. అందుకే నాపా 2013లు చాలావరకు గట్టిగా, బిగుసుకుని ఉంటాయి. కొండ మీద తోటలవైతే మరీను. అదే 2016 తీసుకోండి, బలం ఉన్నా వగరు మెత్తగా ఉంటుంది. 2018లో ఎండలు నిలకడగా ఉన్నాయి, కాయ తాపీగా పండింది. అది ఇప్పుడు తాగినా బాగుంటుంది.

పైగా మంచి రెడ్ బ్లెండ్ మధ్యలో కొన్నేళ్ళు నోరు మూసుకుంటుంది. కొత్తలో ఉన్న పండు వాసన తగ్గిపోతుంది, పాతబడ్డాక రావాల్సిన తోలు, పొగాకు, ఎండుటాకుల వాసన ఇంకా రాదు. ఆ మధ్యకాలంలో తీస్తే నువ్వు చెప్పినట్టే ఉంటుంది. ఓపిక కావాలి. 1976లో పారిస్‌లో కాలిఫోర్నియా వైన్లకీ ఫ్రెంచి వైన్లకీ జరిగిన పోటీలో రిడ్జ్ వైనరీ వాళ్ళ మాంటే బెల్లో 1971కి ఐదో స్థానం వచ్చింది. 2006లో అవే వైన్లు మళ్ళీ రుచి చూస్తే అదే సీసా మొదటికి వచ్చింది. ముప్పై అయిదేళ్ళ వైన్! కాలిఫోర్నియా వైన్ నిలవదని అప్పట్లో ఫ్రెంచి వాళ్ళన్న మాటకి అంతకంటే జవాబు అక్కర్లేదు.

కల్యాణి_డి

బాబాయ్ గారూ, మాంటే బెల్లో 1971 కాబర్నే సావిన్యో అనే ద్రాక్ష రకం పేరుతో పోటీకి వెళ్ళింది, బ్లెండ్‌గా కాదు. అది నాపాది కూడా కాదు, శాంటా క్రూజ్ కొండలది. చల్లటి చోటు, పులుపు ఎక్కువ, ఆల్కహాల్ తక్కువ. దాన్ని చూపించి నాపా లోయ బ్లెండ్ ఎన్నేళ్ళు నిలుస్తుందో లెక్క కట్టలేం.

శ్రీను గారూ, మీ బ్లెండ్‌లో ఏ రకాలు ఎంతెంత ఉన్నాయి? అది చెప్పకుండా ఎవరైనా ఏం చెప్తారు?

శ్రీను_ఫ్రిస్కో

2013కి 84 శాతం కాబర్నే అని ఉంది. మిగతాది మెర్లో, కాబర్నే ఫ్రాంక్, పెటీ వెర్డో. 2016లో కాబర్నే కొంచెం తక్కువ.

కల్యాణి_డి

84 ఉంటే అది కాబర్నేనే. అమెరికా రూలు ప్రకారం ఒక రకం 75 శాతం ఉంటే చాలు, లేబుల్ మీద ఆ పేరు వేసుకోవచ్చు. 1983కి ముందైతే 51 సరిపోయేది. బ్లెండ్ అని ఊరికే పిలుచుకుంటున్నారు.

నాపా_బాబాయ్

వేసుకోవచ్చు, అంతేగానీ వేసి తీరాలని లేదు కదమ్మా. జోసెఫ్ ఫెల్ప్స్ వాళ్ళ ఇన్సిగ్నియా 1974 నుంచి ఉంది. ఓపస్ వన్ మొదటి వింటేజ్ (పంట సంవత్సరం) 1979. ఆ లేబుళ్ళ మీద రకం పేరు వెతికినా కనపడదు. ఏ ఏడాది ఏ తోటలో ఏది బాగా పండితే దాన్నిబట్టి పాళ్ళు మార్చుకోవడానికే ఆ ఏర్పాటు. ఒక ఏడాది మెర్లో దెబ్బతింటే అది తగ్గించి పెటీ వెర్డో పెంచుతారు. ఇది బ్లెండ్ కాకపోతే ఇంకేమిటి?

కల్యాణి_డి

మెరిటేజ్ అనే పేరుతో బ్లెండ్ అమ్మేవాళ్ళకైతే కనీసం ఒక హద్దుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ద్రాక్ష రకాలు రెండైనా ఉండాలి, ఏ ఒక్కటీ 90 శాతం దాటకూడదు. మామూలు ‘రెడ్ బ్లెండ్’కి ఆ హద్దు కూడా లేదు. జిన్ఫాండెల్, సిరా కలిపి కాస్త తీపి వదిలి ఇరవై డాలర్లకి అమ్మేదీ రెడ్ బ్లెండే, ఈయన సీసా కూడా రెడ్ బ్లెండే. ఆ మొదటిది పదేళ్ళు దాచమని ఎవరూ చెప్పరు. అందుకే పాళ్ళు అడిగాను.

ఒకేమాట

ఇంట్లో అంటే ఎక్కడ? కార్క్ ఎలా ఉంది?

శ్రీను_ఫ్రిస్కో

మాస్టర్ బెడ్‌రూమ్ క్లోజెట్‌లో, చీకట్లో. ఏసీ ఎప్పుడూ 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. అంతకుముందు శాన్ హోసేలో ఉన్నప్పుడు చిన్న వైన్ ఫ్రిజ్ ఉండేది. రెండేళ్ళ కింద జులైలో ఇక్కడికి, డాలస్ పక్కన ఫ్రిస్కోకి మారాం. ఫ్రిజ్ అక్కడే అమ్మేసి, సీసాలు మూవర్స్ ట్రక్కులో వేశాం. 2013, 2016 అలా వచ్చినవే. 2017, 2018 ఇక్కడ కొన్నవి.

కార్క్ మామూలుగానే వచ్చింది. పైన రేకు మాత్రం అతుక్కుపోయి ఊడిరాలేదు, చాకుతో గీకాల్సొచ్చింది. కార్క్ పక్కన పైదాకా ఎర్రటి చార ఒకటుంది. అంచు కంటే రవ్వంత పైకి ఉన్నట్టుంది కూడా.

ఒకేమాట

వేడి తగిలింది.

రామ్మోహన్_ఎ

జులైలో శాన్ హోసే నుంచి డాలస్‌కి ట్రక్కులోనా! ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదండీ. మధ్యలో చాలావరకు ఎడారి, ట్రక్కు వెనకభాగానికి ఏసీ ఉండదు. వైన్ ఉండాల్సింది 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర. 80 దాటి కొన్ని రోజులుంటే పాడవడం మొదలవుతుంది. వేడికి వైన్ ఉబ్బి కార్క్‌ని పైకి తోస్తుంది, పక్కల నుంచి కాస్త కారి రేకు కింద జిగురుగా ఎండుతుంది. చల్లబడ్డాక లోపలికి గాలి పీల్చుకుంటుంది. మీరు చెప్పిన రేకు, చార, పైకి లేచిన కార్క్ మూడూ ఆ గుర్తులే.

కానీ నాకొక అనుమానం ఉంది. వేడికి పాడైన వైన్‌కి సాధారణంగా ఉడికిన పండు వాసన, ఎండుద్రాక్ష వాసన వస్తుంది, రంగు అంచున ఇటుక రంగుకి తిరుగుతుంది. మీకు వాసనే లేదంటున్నారు. వాసన చచ్చిపోయి, పండు పోయి, వగరు మిగలడం కార్క్ దోషంలో కూడా ఉంటుంది. టీసీఏ అనే పదార్థం కొంచెమే ఉంటే తడి అట్టపెట్టె వాసన పైకి తెలియదు, వైన్ మూగబోయినట్టు ఉంటుందంతే. పండు లేకపోయేసరికి వగరు రెట్టింపనిపిస్తుంది.

గ్లాసులో కాస్త పోసి తెల్లటి కాగితం మీద వంచి అంచు రంగు చూడండి. ఇంకో గ్లాసు రాత్రి ఒంటిగంట దాకా వదిలేయండి. గాలి తగిలే కొద్దీ తడి అట్ట వాసన పెరిగితే కార్క్. ఉడికిన వాసన వస్తే వేడి. రేపు పొద్దుటికి పండు వాసన తేలితే బాబాయ్ గారు చెప్పినట్టు అది మూసుకున్న దశ.

రెండో సీసా తీయకముందే పరీక్షించండి. రేకు వేళ్ళతో తిప్పితే తిరుగుతోందా? మెడలో వైన్ ఎంతవరకు ఉంది? మొదటి దాంతో పోలిస్తే కిందికి దిగిందా? రేకు తిరిగి, మట్టం బాగుంటే ధైర్యంగా తీయండి. 2016 సీసాకి కూడా ఇదే పరీక్ష.

వంటింటి_వాణి

శ్రీనూ, వీళ్ళెవరూ అడగలేదు, నేనడుగుతున్నా. మెనూ ఏంటి?

శ్రీను_ఫ్రిస్కో

గోంగూర మటన్, రొయ్యల వేపుడు, చికెన్ ఫ్రై పీస్ బిర్యానీ అక్కా. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

వంటింటి_వాణి

సంబంధం అంతా అక్కడే ఉంది తమ్ముడూ. ఇలాంటి వైన్లలో ఆల్కహాల్ సాధారణంగా పద్నాలుగున్నర శాతం దగ్గర ఉంటుంది. కారం తగిలితే ఆ ఆల్కహాల్ గొంతులో మండుతుంది, వగరు చేదుగా మారుతుంది. గోంగూర పులుపు ముందు వైన్‌లో ఉన్న పులుపు తేలిపోయి చప్పగా అనిపిస్తుంది. ఉప్పు, కొవ్వు ఉంటే వగరు లొంగుతుంది. కాబట్టి మటన్‌ని గోంగూరలో వేయకు, మిరియాలతో వేపుడు చెయ్. కారం సగానికి దించు, నెయ్యి పడనీ. రొయ్యలు వైన్‌కి ముందే బీర్‌తో తినిపించెయ్. రొయ్యలకి ఈ వగరు తగిలితే నోట్లో ఇనుప రుచి వస్తుంది. గోంగూర కావాలంటే చివర్లో, వైన్లు అయ్యాక అన్నంలోకి. నాలుగు వేర్వేరు సంవత్సరాల వైన్లు పక్కపక్కన పెట్టి తేడా చూడాలనుకునేవాళ్ళు వాటి ముందు కారం పెడితే నాలుగూ ఒకటే అవుతాయి.

మాధాపూర్_కుర్రాడు

మధ్యలో వస్తున్నందుకు సారీ. వచ్చే నెల మా బావ అమెరికా నుంచి వస్తున్నాడు, ఇలాంటివి తెమ్మన్నా. ఎన్ని తేవచ్చు? ఇక్కడ ఇంపోర్టెడ్ వైన్ రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

రామ్మోహన్_ఎ

పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేదు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. మూడోది ఆ లెక్క దాటుతుంది. చెకిన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టి పెట్టమనండి. కానీ శ్రీను గారి వైన్ గతి చదివారుగా, హైదరాబాద్‌లో మే నెలలో అలమరాలో పెట్టి దాచుకుందామనుకోకండి.

శ్రీను_ఫ్రిస్కో (శనివారం పొద్దున)

రంగు చూశా. అంచు కొంచెం ఇటుక రంగే, కానీ పదేళ్ళు దాటిన వైన్‌కి అలాగే ఉంటుందేమో కదా. వాసన ఇప్పటికీ పెద్దగా లేదు, తడి అట్ట అంటే అనుకోవచ్చు, కాదంటే కాదనుకోవచ్చు. రెండో 2013 రేకు తిరుగుతోంది, మట్టం మొదటిదానికంటే పైనే ఉంది. తీస్తాను. ఇంకో రెండు ప్రశ్నలు. 2017 అంటే నాపాలో కార్చిచ్చు మంటల సంవత్సరం కదా, పొగ రుచి ఉంటుందా? ముందు ఏది పోయాలి?

నాపా_బాబాయ్

2017 మంటలు మొదలైంది అక్టోబర్ 8 రాత్రి. అప్పటికి నాపాలో చాలావరకు కోతలు అయిపోయాయి, మిగిలింది ఎక్కువగా కాబర్నే. ముందు కోసినదైతే పొగ భయం లేదు. ఆ ఏడాది అసలు దెబ్బ సెప్టెంబర్ మొదట్లో కొట్టిన వడగాడ్పు, దానికి కొన్ని తోటల్లో కాయ ఎండి ముడుచుకుపోయింది. పొగతో నిజంగా నష్టపోయింది 2020లో. ఆగస్టులో పిడుగుల మంటలు, సెప్టెంబర్ చివర గ్లాస్ ఫైర్ అనే కార్చిచ్చు. ఆ ఏడాది రెడ్ వైన్ చేయడమే మానుకున్న వైనరీలున్నాయి.

పొగ ఉంటే వాసనలో కంటే మింగాక తెలుస్తుంది, నాలుక వెనకాల బూడిద రుచి నిలుస్తుంది. పొగ పదార్థాలు కాయలోని చక్కెరకి అతుక్కుని ఉండి, పులిసేటప్పుడు కొంత, నోట్లో లాలాజలం తగిలాక కొంత విడివడతాయి.

పోయడం పాతవాటి నుంచి కొత్తవాటికి. ముందు 2013.

కల్యాణి_డి

నేనైతే 2018 నుంచి మొదలెట్టి వెనక్కి వెళ్తాను. కొత్త వైన్‌లో పండు తెలిశాక పాతదాంట్లో ఏం మారిందో పట్టుకోవచ్చు.

నాపా_బాబాయ్

2018 బలానికి నాలుక మొద్దుబారాక 2013లో సున్నితం ఎవరికి తెలుస్తుందమ్మా? అందులోనూ అది దెబ్బతిన్న సీసా.

కల్యాణి_డి

దెబ్బతిన్నది మొదటి సీసా. రెండోది ఇంకా తీయలేదు.

ఒకేమాట

నాలుగు గ్లాసులూ ఒకేసారి పోసి ముందుకీ వెనక్కీ తాగండి.

రామ్మోహన్_ఎ

అది మంచి మాట. 2013ని ఇప్పుడే నిలబెట్టండి, అడుగున మడ్డి దిగుతుంది. ఒక రోజు పూర్తిగా నిలబెడితే మేలు, ఇప్పుడున్న టైమ్‌లో ఇంతే. తాగే ముందు సెల్‌ఫోన్ టార్చ్ మెడ కింద పెట్టి నెమ్మదిగా డికాంటర్‌లోకి వంచండి, మడ్డి మెడలోకి రాగానే ఆపేయండి. 2017, 2018 రెండు మూడు గంటల ముందే తీయవచ్చు. పోసే ముందు అన్నీ అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. మీ ఇంటి 78కి పోస్తే ఆల్కహాల్ తప్ప ఏదీ ముక్కుకి అందదు. ఇకమీదట ఇరవై సీసాలు పట్టే ఫ్రిజ్ ఒకటి కొనండి, మీ 2013 సీసా ఖరీదులోనే వస్తుంది.

శ్రీను_ఫ్రిస్కో (ఆదివారం)

అందరికీ థ్యాంక్స్. రెండో 2013 మొదటిదానికి పోలికే లేదు. వగరు ఉంది గానీ లోపల నల్ల పండు, దేవదారు వాసన బాగా తెలిశాయి. ఎక్కువమందికి 2016 నచ్చింది. 2017లో పొగ ఎవరికీ తగల్లేదు. మటన్ వేపుడు ముందు అయిపోయింది.

రామ్మోహన్_ఎ

చూశారా, రెండూ ఒకే ట్రక్కులో వచ్చాయి, ఒకటే పాడైంది. మొదటిది కార్కే అయ్యుంటుంది.

ఒకేమాట

పెట్టెలో ఒకటి ట్రక్కు గోడ పక్కన, ఒకటి మధ్యలో ఉన్నా అంతే.

కల్యాణి_డి

2016లో కాబర్నే ఎంత శాతమో చెప్పలేదు మీరు.

మాధాపూర్_కుర్రాడు

బావ, అక్క ఇద్దరూ వస్తున్నారు. అంటే నాలుగు సీసాలు కదా?