వంపు కాలువ బయటి గోడ మీద చారలు: సూది లోపమా, నిజంగా సుడులేనా?

ప్రశ్న (కావలి, మెకానికల్ ఫైనలియర్)

నమస్కారం అండి. ప్రాజెక్టు కోసం అక్రిలిక్ షీట్లు వంచి ఒక వంపు కాలువ చేశాను. బయటి గోడ వ్యాసార్థం 50 సెం.మీ., గోడల మధ్య 15 సెం.మీ., వంపు పొడవు 60 సెం.మీ., నీటి లోతు 20 సెం.మీ. కాగితం ముక్కలు వదిలి స్టాప్‌వాచ్‌తో చూస్తే వేగం సెకనుకు 10 సెం.మీ. వచ్చింది. ఇంజెక్షన్ సూదితో గోడ పక్కనే పర్మాంగనేటు నీళ్లు వదులుతున్నాను.

లోపలి గోడ మీద రంగు దారం లాగినట్టు నేరుగా పోతోంది. బయటి గోడ మీద మాత్రం పాతిక సెంటీమీటర్లు దాటాక పైకో కిందికో జరిగి, ముదురు చారగా గట్టిపడుతోంది. చార నుంచి చారకి 12 మి.మీ. గైడ్ సార్ సూదిలోనే లోపం ఉందంటున్నారు. మూడు సూదులు మార్చాను. సూదిని పైకి జరిపినా, కిందికి దించినా రంగు వెళ్లి ఆ చారల్లోనే కలుస్తోంది. రివ్యూ దగ్గర పడింది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఒంగోలు, రిటైర్డ్ లెక్చరర్)

అమ్మా, సూది జరిపినా చార జరగలేదన్నావు చూడు, నీ జవాబు అందులోనే ఉంది. లోపం సూదిదైతే చార సూది వెంట పోవాలి. నువ్వు చూసినవి గోర్ట్‌లర్ సుడులు. ఇవి ఎలా పుడతాయో 1940లో జర్మనీలో గోర్ట్‌లర్ అనే గణిత శాస్త్రవేత్త లెక్క కట్టి చూపించాడు.

గోడకి దూరంగా నీరు జోరుగా, గోడ పక్కన నెమ్మదిగా పోతుంది. పుటాకార గోడ, అంటే నీటి వైపు గుంటగా వంగిన నీ బయటి గోడ దగ్గర జోరు నీటిని వంపు గోడ వైపే నెడుతుంది. నెమ్మది నీరు దానికి ఎదురు నిలవలేక, సందు దొరికిన చోట గోడని వదిలి లేస్తుంది. అలా ఎదురెదురుగా తిరిగే సుడుల జంటలు ప్రవాహం వెంట సాగుతాయి. నీరు గోడ నుంచి లేచే చోట రంగు పోగై చార అవుతుంది, జంటకి ఒక చార. లోపలి గోడ దగ్గర జోరు నీటిని వంపు గోడ నుంచి అవతలికే నెడుతుంది కాబట్టి సుడి పుట్టదు.

నీ అంకెలు వేసి చూశాను. మన ఎండకి నీళ్లు 30 డిగ్రీలు అనుకుంటే, అర మీటరు దగ్గర మొమెంటం థిక్‌నెస్ (గోడ పక్కన మందగించిన నీటి పొరకి ఒక కొలత) 1.3 మి.మీ., దాని మీద రేనాల్డ్స్ సంఖ్య (నీటి జోరుని దాని జిగటతో పోల్చేది) 166, గోర్ట్‌లర్ సంఖ్య (అందులో గోడ వంపుని కూడా కలిపేది) ఎనిమిదిన్నర. సుడులు పెరగడం మొదలయ్యే హద్దుకి ఇది ఎంతో పైన. అన్నిటికంటే వేగంగా పెరిగే జంట వెడల్పు సుమారు 11 మి.మీ. అని వచ్చింది, నువ్వు కొలిచింది 12. ఇంతకంటే ఏం కావాలి!

ఒక పరీక్ష మాత్రం తప్పకుండా చెయ్యి. వంపుకి ముందు నీరు దాటి వచ్చే జాలీ ఉంటుంది కదా, దాన్ని అర సెంటీమీటరు పైకి జరుపు. చారలు కూడా జరిగితే వాటి విత్తనం జాలీలో ఉన్నట్టు. విత్తనం ఎక్కడిదైనా, పెంచేది వంపే. కింది అయిదు సెంటీమీటర్లలో మాత్రం కొలవొద్దు, అక్కడ అడుగు గోడ సుడి కలుస్తుంది.

రంగుతో పాటు అభ్రకం పొడి కూడా వాడి చూడు. నెల్లూరు జిల్లా పిల్లవి, దానికి వెతుక్కోనక్కర్లేదు.

జవాబు (బుచ్చిరెడ్డిపాళెం)

సార్, మా పంట కాలువ మలుపులో బయటి గట్టే కోసుకుపోతుంది. అదీ ఇదేనా?

జవాబు (ఒంగోలు)

కాదు బాబూ. అక్కడ అడుగు రాపిడి వల్ల కాలువ మొత్తానికీ ఒకే పెద్ద సుడి తిరుగుతుంది. పైనీరు బయటి గట్టుకి, అడుగునీరు ఇసకతో సహా లోపలి గట్టుకి పోతాయి. ఇవి గోడని అంటిపెట్టుకున్న చిన్న సుడులు.

ప్రశ్న అడిగిన అమ్మాయి

సార్, జాలీ జరిపాను. చారలూ అంతే జరిగాయి, మధ్య దూరం మాత్రం 12 మి.మీ. దగ్గరే ఉంది!

మా అవ్వ చిన్నప్పుడు సైదాపురం వైపు గనుల్లో అభ్రకం రేకులు చీల్చే పనికి పోయేది. పొడి కావాలంటే దాచుకున్న రేకులు ఇచ్చి, తనే రోట్లో నూరింది. నూరిన పొడిని బకెట్ నీళ్లలో కలిపి, ముతక అడుగుకి దిగాక పైతేట మాత్రం పోశాను. పక్కనుంచి టార్చి వేస్తే బయటి గోడ పొడవునా వెండి జరీ అంచుల్లాగా ఒక మెరుపు, ఒక నీడ, మళ్లీ మెరుపు. రేకులు ప్రవాహాన్ని బట్టి ఒరుగుతాయి కాబట్టి సుడి తిరిగే చోట వెలుగు మారుతోంది. లోపలి గోడ మీద అంతా ఒకే పలచటి తళుకు. అవ్వ కుర్చీ జరుపుకుని, "కాకిబంగారం నీళ్లలో ఇట్టా నడుస్తదా" అని పంపు ఆపేదాకా చూస్తా కూర్చుంది.

రేపు గైడ్ సార్‌ని కాలువ దగ్గరికే పిలుస్తున్నాను. సూది ఆయన చేతికే ఇస్తాను.